పెడలు మీద కుక్కపిల్ల

ఈ కథలో నిజాలు రెండే రెండు. ఒకటి కుక్కపిల్ల. అది ఉన్నమాట వాస్తవం, కావాలంటే ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. రెండోది చివర్లో తేలుతుంది. మిగతాదంతా బారెడు చెప్పిన మాట. దానికి ఎవరూ పూచీ పడరు, ఆయన భార్య అసలే పడదు.

బారెడంటే ఆ వీధి టైలరు. మూరెడు జరిగితే బారెడు చెబుతాడని వీధంతా కలిసి పెట్టిన పేరది. పెట్టినందుకు ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఈ పేరు తనకి ఒక మంత్రిగారు స్వయంగా పెట్టారని పక్క వీధిలో చెప్పుకున్నాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. చొక్కా చిరిగినా ఆయన వేసిన కుట్టు ఊడదు. టేపు తియ్యకుండా, మనిషిని దూరం నుంచి చూసి మెడ కొలత చెప్పగలనని కూడా అనేవాడు. అది ఆయన చెప్పే సవాలక్ష మాటల్లో కలిసిపోయి, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టులో ఒక పక్క కటింగు బల్ల, ఒక పక్క కాలితో తొక్కే కుట్టు మిషను, మూలన బట్టలు వేసుకు చూసుకోవడానికి ఒక తెర. బయట పొడుగాటి బెంచీ. ఆ బెంచీకి ఆ చివర టీకొట్టు. మధ్యాహ్నం మూడు దాటితే టీ తాగేవాళ్ళంతా బెంచీ మీద చేరతారు, బారెడు మిషను తొక్కుతూ కోతలు కోస్తాడు. ఎన్నేళ్ళుగానో జరుగుతున్నది ఇదే.

ఆ మంగళవారం మాత్రం మిషను చప్పుడు లేదు. బారెడు కటింగు బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఉన్నాడు. పక్కన పన్నెండు జతల బడి యూనిఫాంలు, కత్తిరించిన ముక్కలు ముక్కలుగా, మూటకట్టి ఉన్నాయి. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇవ్వాలి. మిషను బెల్టు తెగిందని వీధికి చెప్పాడు. బెల్టు నిక్షేపంలా ఉంది. తెగిందల్లా ఆయన ధైర్యం.

మిషను కింద, ఇనప పెడలు మీద, గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది. ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్ళి ఎంచుకుని తెచ్చుకున్న కుక్కపిల్ల. దానికోసం అట్టపెట్టె పెట్టారు, గోనె పరిచారు, పాత తువ్వాలు వేశారు. అది అన్నీ వాసన చూసి, చల్లగా ఉందని కాబోలు, పెడలెక్కి పడుకుంది. పాలకి లేస్తుంది, తాగుతుంది, మళ్ళీ వచ్చి అక్కడే పడుకుంటుంది. అది పాలు తాగే ఆ కాస్సేపట్లో బారెడు స్టూలు మీద కూర్చుని జానెడు కుట్టేవాడు. అది తిరిగొచ్చేసరికి బల్లెక్కేవాడు. ఎందుకంటే బారెడుకి కుక్కంటే చచ్చేంత భయం. పెద్దదా చిన్నదా అని లేదు. ఆ సంగతి భూప్రపంచంలో ముగ్గురికే తెలుసు, ఆయనకీ, భార్యకీ, తొమ్మిదేళ్ళ కూతురికీ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్య తేల్చి చెప్పేసింది.

"రెండు రోజుల్లో మీరు కుట్టింది ఒక్క కాలరు. సాయంత్రం ఐదింటికి దీన్ని మనకిచ్చిన కుక్కలావిడ ఈ దారినే వెళుతుంది, బుట్ట తెమ్మని కబురు పెట్టాను. ఈలోగా మీ చేతుల్తో మీరు దాన్ని తీసి పక్కన పెట్టారా, అది మన కుక్క. లేదంటే బుట్టలోకి వెళుతుంది. నేను తియ్యను, పిల్లని తియ్యనివ్వను. నాకు కష్టమై కాదండీ. తనని చూసి బల్లెక్కే మనిషి ఉన్న ఇంట్లో ఆ మూగజీవం మాత్రం ఎలా పెరుగుతుంది?"

కూతురు అంతా విన్నది, ఏడవలేదు. కొలతల పుస్తకంలో రాసేది ఆ పిల్లే, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని. ఆదివారమే కుక్కపిల్లకి కొత్త పేజీ తెరిచి, ఆ రోజు తండ్రి చెప్పిన మెడ కొలత ఒక్కటీ రాసి పెట్టుకుంది. పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలింది. పేరు పెట్టాక పంపెయ్యాల్సొస్తే కష్టమని. ఆ ఖాళీ కనిపించినప్పుడల్లా బారెడు పుస్తకం మూసేసేవాడు.

మూడింటికి బెంచీ నిండింది. నిండిందంటే ముగ్గురు. గ్లాసులు కడిగి తుడుస్తూ టీకొట్టు అక్క. రిటైరైన పోస్టుమాన్ బాబాయ్, ఆయన మాట్లాడేది తక్కువ, టీ ఊదుకునేది ఎక్కువ. మూడోవాడు సైకిళ్ళు బాగుచేసే బావ. అతను ఆ రోజు ఉత్తచేతుల్తో రాలేదు, పనిముట్ల సంచీ భుజానేసుకుని వచ్చాడు.

"బెల్టు తెగిందటగా బావా. రెండు నిమిషాల పని, లే," అని లోపలికి అడుగేశాడు.

అతను మిషను కిందకి వంగాడంటే బెల్టు కనిపిస్తుంది, పెడలు కనిపిస్తుంది, పెడలు మీద ఉన్నది కనిపిస్తుంది. టీ చల్లారేలోపు సంగతి ఆ చివరి నుంచి ఈ చివరికి పాకుతుంది. ఆపడానికి బారెడు దగ్గరున్నది ఒకే ఒక్క సాధనం, నోరు.

"బెల్టెక్కడికి పోతుందిలే, కూర్చో. ఆదివారం మేం కుక్కపిల్లని ఎంచుకోడానికి వెళ్ళాం కదా, అక్కడేం జరిగిందో నీకు చెప్పానా?"

చెప్పలేదన్నాడు సైకిళ్ళ బావ, సంచీ కింద పెట్టాడు. కథంటే చెవి కోసుకునే మనిషి పాపం.

"పెద్ద సంగతేం కాదు, మా ఆవిడా, పిల్లా, నేనూ వ్యానులో వెళ్ళాం, ఊరి చివర కుక్కలావిడ ఇల్లు, పెరట్లో ఐదు కుక్కపిల్లలు, ఐదూ ఒకటే అల్లరి, మా పిల్లేమో ఏది తీసుకోవాలో తేల్చుకోలేక బిక్కమొహం వేసింది, నేను గేటు దగ్గర్నుంచే చూశాను, ఆ మూల గోధుమరంగు దాని మెడ ఎనిమిదిన్నర, అదే మనది అన్నాను, ఎందుకంటావా, మిగతావాటికి మెడకీ ఛాతీకీ పొంతన లేదు, కటింగులోనే తప్పు, రేపు పెద్దయ్యాక ఒక పక్కకి లాగేస్తాయి, అంతే, తెచ్చేసుకున్నాం."

గేటు దగ్గర్నుంచి ఎనిమిదిన్నరా అని పోస్టుమాన్ బాబాయ్ అడిగాడు. కంటికొలత బాబాయ్ అన్నాడు బారెడు. బాబాయ్ టీ ఊదుకున్నాడు.

కథ మరీ తొందరగా అయిపోవడమే చిక్కయింది. సైకిళ్ళ బావ సంచీ అందుకోబోయాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు బారెడు గబగబా. "తల్లి కుక్క వచ్చింది."

సంచీ కిందే ఉండిపోయింది. ఎంతుంటుందేమిటి అన్నాడు బావ. దూడంత అన్నాడు బారెడు. తెర వెనక గుండీలు కుడుతున్న భార్య చిన్నగా దగ్గింది. ఆ దగ్గుకి తగ్గే మనిషైతే ఆయన్ని బారెడని ఎందుకంటారు? దూడంతన్నది అది పడుకుని ఉన్నప్పటి మాటట. లేచి నిలబడితే గుర్రమంత.

"అది ఒక్క ఉరుకున మా పిల్ల మీదకొచ్చింది, ఇంకెవరైనా అయితే కాళ్ళకి బుద్ధి చెప్పేవాళ్ళు, నేను అడ్డంగా నిలబడ్డాను, చేతిలో కర్ర లేదు, రాయి లేదు, మెడలో టేపుంది, తీశాను, విసిరాను, పోయి దాని మెడచుట్టూ పడింది, పడగానే ఏం చేసిందనుకున్నారు? కదలకుండా నిలబడి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పీల్చుకుంది. టేపు మెడమీద పడితే అంతే మరి, మొన్న పెద్ద ఆఫీసరుగారు చేసిందీ అదే. పాతిక కుక్కపిల్లలూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి."

ఇందాక ఐదన్నావుగా తమ్ముడూ అంది టీకొట్టు అక్క.

"ఐదు వరసలక్కా. వరసకి ఐదు."

అప్పుడే మిషను కింద కుక్కపిల్ల నిద్రలో ఒకసారి కుయ్యిమంది. బారెడు మోకాళ్ళు వాటంతటవే గడ్డం దాకా లేచాయి. చూసినవాడు పోస్టుమాన్ బాబాయ్ ఒక్కడే. ఆయన చూపు మోకాళ్ళ మీంచి మిషను మీదకీ, అక్కణ్ణుంచి పెడలు మీదకీ దిగి, మళ్ళీ టీ గ్లాసులోకి వచ్చేసింది.

నాలుగు కొట్టింది. నువ్వు చెబుతూ ఉండు బావా, నేను వింటూ బెల్టు వేసేస్తానన్నాడు సైకిళ్ళ బావ, లేవబోతూ. ఇక దూడలూ గుర్రాలూ చాలవని బారెడుకి అర్థమైంది.

"కొలతలన్నీ తీసుకున్నానా, అది ఒక్కసారి వంగి నన్ను వీపు మీద ఎక్కించుకుంది, నేనెక్కలేదు, అదే ఎక్కించుకుంది, ఎక్కించుకుని పరుగు, పెరడు దాటింది, రోడ్డు దాటింది, కాలువొచ్చింది, ఇరవై గజాల కాలువ, ఒక్క అంగ, అవతలికి దూకాక ఎందుకో తేడాగా ఉందే అని కిందకి చూసుకుంటే నాకు నీడ లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఏముంది, అంత వేగానికి ఓర్చుకోలేక నా నీడ అవతలి గట్టు మీదే ఉండిపోయింది, చెయ్యూపుతోంది."

సైకిళ్ళ బావ కూర్చున్నాడు. మరి, అన్నాడు.

"మరేముంది, నీడ లేకుండా ఇంటికొస్తే మీ చెల్లెలు రానిస్తుందా? వెనక్కి దూకించాను. కాలరు కింద సూదెప్పుడూ ఉంటుంది నాకు. నల్లదారం ఎక్కించి, మడమ దగ్గర పట్టుకుని, దూరం కుట్లు కాదు, దగ్గర కుట్లే వేసి నీడని కుట్టేశాను. తొందరపాటులో ఎడమ భుజం దగ్గర కొంచెం ముడత పడింది, కావాలంటే చూసుకోండి."

సైకిళ్ళ బావ నిజంగానే మెడ చాపి, గోడమీద పడ్డ నీడని పరీక్షగా చూసి, ఉంది సుమా ముడత అన్నాడు. తెర వెనక ఈసారి దగ్గు రాలేదు. నవ్వాపుకుంటున్న చప్పుడొచ్చింది.

కథ పాకాన పడిందని బారెడుకి హుషారొచ్చింది. తల్లి కుక్క ఆయన్ని దింపి, పాతిక పిల్లల్నీ, కాదు, నూటపాతిక పిల్లల్నీ వరసగా నిలబెట్టి, అందులోంచి మేలైనదాన్ని నోట కరుచుకొచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టిందట.

"మాట్లాడిందని నేననను. లేనిపోనివి కల్పించే అలవాటు నాకు లేదు. కళ్ళతో అంది. అయ్యా, ఈ బిడ్డ నీది, నీలాంటి గుండెధైర్యం ఉన్న మనిషి ఇంట్లో పెరిగితేనే..."

అక్కడ ఆయన కళ్ళు కూతురి మీద పడ్డాయి. గడప మీద కూర్చుని, ఒళ్ళో కొలతల పుస్తకం పెట్టుకుని, ఆ పిల్ల గడియారం వైపు చూస్తోంది. ఐదింటికి ఇంకా పావుగంట ఉంది. ఆయన చెబుతున్నది వీధికే అయినా, ఆశపడ్డది మాత్రం ఆ పిల్ల ఒక్కతే నమ్మాలని. ఆ పిల్ల నమ్మదు. ఆదివారం తనూ అక్కడే ఉంది మరి. బారెడుకి సిగ్గేసింది. మాట మధ్యలో ఆగిపోయింది.

పోస్టుమాన్ బాబాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. నెమ్మదిగా కొట్టులోకి వచ్చి, మిషను దగ్గర వంగి, బెల్టుని వేలితో ఒకసారి లాగి వదిలాడు. బెల్టు బిగువుగా ఉంది.

"అబ్బాయ్, నీ కథలో ఒక్క ముక్క కూడా నేను కాదనను. గుర్రమంత కుక్కనెక్కావు, సరే. నీడ కుట్టావు, సరే. ఇదిగో, ఈ పెడలు మీద నా చెప్పంత కుక్కపిల్ల పడుకుంది. దీన్ని తీసి పక్కన పెట్టి, ఒక్క జేబు కుట్టు. చూసి ఇంటికెళతాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సైకిళ్ళ బావ పెడలు వైపూ, బల్ల వైపూ, తన సంచీ వైపూ మార్చి మార్చి చూశాడు. టీకొట్టు అక్క తుడుస్తున్న గ్లాసునే మళ్ళీ తుడిచింది. తెర వెనక సూది ఆగింది.

బారెడు నోరు తెరిచాడు. నడుంనొప్పి ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. నిద్రపోయే జీవాన్ని లేపకూడదన్న ధర్మం ఇంకొకటి వచ్చింది. గడప మీద నుంచి ఆ రెండు కళ్ళూ చూస్తూంటే రెండూ వెనక్కి వెళ్ళిపోయాయి.

"నాకు కుక్కంటే భయం బాబాయ్," అన్నాడు, కూతురి వైపే చూస్తూ. "చిన్నప్పట్నుంచీ అంతే. ఆదివారం నేను వ్యాను దిగనే లేదు. అద్దాలెక్కించుకుని లోపలే కూర్చున్నాను."

పోస్టుమాన్ బాబాయ్ ఆశ్చర్యపోలేదు. పంట్లాము మోకాలిదాకా పైకి మడిచి పిక్క చూపించాడు. పాత పంటిగాట్లు తెల్లగా వరసగా ఉన్నాయి.

"ముప్పయ్యేళ్ళు ఉత్తరాలు పంచాను. పదకొండు కుక్కలు కరిచాయి. ఇవి లెక్కపెట్టుకోవచ్చు, నీ కుక్కల్లా పెరగవు. నాకూ భయమేరా. భయపడుతూనే గేటు తీసేవాణ్ణి. ఉత్తరం ఇచ్చి రావాలి కదా."

ఐదుకి పది నిమిషాలుంది. కూతురు లేచి వచ్చింది. తండ్రి మెడలోంచి టేపు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కొలత తీసుకో నాన్నా. నేను రాసుకుంటాను."

ఆ పిల్లకి ఎలా తోచిందో ఏమో గానీ, తోచింది మాత్రం సరైనదే. టేపు చేతిలో ఉన్నప్పుడు బారెడు ఎవరికీ భయపడిన పాపాన పోలేదు. వీధంతా వణికే రౌడీకి నడుం కొలత తీస్తూ, కదలకురా బాబూ అని వీపు మీద చరిచిన చెయ్యది. ఆయన బల్ల దిగాడు. మిషను పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. వేళ్ళు వణికి టేపు జారింది. టేపు కొస ఆ మెత్తటి మెడ కిందనుంచి చుట్టి వచ్చాక మాత్రం వణుకు ఆగింది, అది పని కనుక.

"మెడ," అన్నాడు. "ఎనిమిదిన్నర."

కూతురు రాయబోయి ఆగింది. ఆ గడిలో ఆదివారమే రాసి ఉంది. ఎనిమిదిన్నర. పోస్టుమాన్ బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని వంగి, టేపు మీద గీత చూశాడు, పుస్తకంలో అంకె చూశాడు. పెరటి అవతల, గేటు బయట, వ్యానులో అద్దం వెనక వణుక్కుంటూ కూర్చున్న మనిషి చెప్పిన కొలత అది. అర అంగుళం కాదు కదా, దారప్పోగు తేడా లేదు. కథలో రెండో నిజం అదే.

మరి ఆ ముక్క సరిగ్గా చెప్పి ఊరుకోవచ్చుగా తమ్ముడూ అంది టీకొట్టు అక్క.

"మొదట చెప్పిందదే కదక్కా, ఎవరు నమ్మారు?" అన్నాడు బారెడు, నిజంగానే నొచ్చుకుని.

తరవాతది ఛాతీ. ఛాతీ కొలవాలంటే కిందనుంచి టేపు పోనివ్వాలి, పోనివ్వాలంటే ఎత్తాలి. బారెడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, రెండు చేతులూ కిందకి పోనిచ్చాడు, ఎత్తాడు. కుక్కపిల్లకి మెలకువొచ్చింది. అది ఆయన్ని కాస్సేపు చూసి, గడ్డం ఒకసారి నాకి, మెడ కింద మొహం పెట్టుకుంది. ఆయన శిలలా ఉండిపోయాడు. ఎవరూ కదలొద్దన్నాడు.

"కరుస్తోందా నాన్నా?"

"లేదు తల్లీ."

"మరి?"

"తడుస్తోంది."

చొక్కా ముందుభాగం అంతా తడిసింది. అయినా ఆయన దాన్ని దించలేదు. తెర పక్కకి జరిగింది. భార్య అక్కడే నిలబడి చూసింది, చేతిలో సూదీ గుండీ అలాగే ఉన్నాయి. ఆమె కళ్ళు చెమర్చాయి. అది కనబడకుండా, ఆ చొక్కా విప్పి ఇటు పడెయ్యండి అంటూ కసురుకుంది. సరిగ్గా అప్పుడే వీధిలో కుక్కలావిడ బుట్టతో వచ్చి ఆగింది. ఈ పూటకి బుట్ట ఖాళీగానే తీసుకెళ్ళండి వదినా అని భార్య గుమ్మంలోకి వెళ్ళి చెప్పింది.

కూతురు పుస్తకంలోంచి తలెత్తలేదు. ముక్కు నుంచి తోక చివరిదాకా ఎంత అని అడిగింది. బారెడు ఒక చేత్తో కుక్కపిల్లని పట్టుకుని, రెండో చేత్తో టేపు పరిచాడు. పద్దెనిమిది అన్నాడు.

"మూరెడు," అన్నాడు పోస్టుమాన్ బాబాయ్. ఇంకోసారి చూసి తలాడించాడు. "ఆదివారం అసలు జరిగింది ఇదన్నమాట. మిగతాది నువ్వు కలిపావు."

ఈసారి అందరూ నవ్వారు. అందరికన్నా ముందు బారెడే నవ్వాడు. కూతురు మాత్రం నవ్వకుండా, పేరు రాయాల్సిన ఖాళీలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది, మూరెడు అని. రాసి, చెరగకుండా గట్టిగా ఇంకోసారి దిద్దింది.

ఐదూ పదికి మిషను చప్పుడు మొదలైంది. బారెడు పాత బనీనుతో స్టూలు మీద కూర్చుని పెడలు తొక్కుతున్నాడు, ఒళ్ళో మూరెడు నిద్రపోతోంది. సైకిళ్ళ బావ సంచీ భుజానేసుకుని కూడా కదలకుండా నిలబడ్డాడు, ఇంకేమైనా మిగిలిందేమోనని. కుక్కలావిడ బుట్ట దించుకుని టీ చెప్పింది. కొత్త మనిషి కనబడేసరికి బారెడు చెయ్యి నెమ్మదించింది.

"చూడండమ్మా, ఇందాక నేను చెయ్యి చాపేసరికి ఇది నన్ను చూసి ఎంత భయపడిపోయిందో తెలుసా? గడగడా వణికిపోతుంటే, నేనే దీనికి ధైర్యం చెప్పి..."

"నాన్నా," అంది కూతురు గడప మీద నుంచి. "ముందు యూనిఫాంలు కుట్టు."